సైకిలు దూరం

పాఠ్యభాగ పరిచయం

బతుకుతెరువుకోసం మనిషి ఇల్లు విడిచి ఎంతదూరం పోవచ్చు? పోయి ఏ వేళకు తిరిగి రావాలి? పైకి చిన్నవిగా కనిపించే ఈ ప్రశ్నలపై ఒక కుటుంబపు దినచర్య అంతా ఆధారపడి ఉంటుంది. గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప నేలల్లో సైకిలుపై పనికి పోయి వచ్చే కార్మికుల జీవితాన్ని ఆధారంగా చేసుకొని, దూరానికీ సంసారానికీ గల సంబంధాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. 2022 ఏప్రిల్ 4న పల్నాడు, బాపట్ల జిల్లాలు కొత్తగా ఏర్పడ్డాయి. ఈ పాఠంలో గుంటూరు, ప్రకాశం అన్న పేర్లను పాత ఉమ్మడి జిల్లాలకే గ్రహించాలి.

పాఠ్యభాగం

మన పెద్దలు దూరాన్ని క్రోసులలో, ఆమడలలో చెప్పేవారు. క్రోసు అంటే రెండు మైళ్లకు పైచిలుకు. నాలుగు క్రోసులు ఒక ఆమడ. ఈ కొలతలు ప్రాంతాన్నిబట్టి కొంత మారుతూ ఉండేవి. మారినా ఎవరికీ పెద్ద ఇబ్బంది కలగలేదు. దారి అడిగినవానికి కావలసింది మైళ్ల లెక్క కాదు. చద్దన్నం తిని బయలుదేరితే పొద్దుగూకేలోగా ఇల్లు చేరగలనా లేదా అన్న సంగతి. కిలోమీటరు రాళ్లు వచ్చి ఆ కొలతలను మరిపించాయి గాని, ఆ సంగతి మాత్రం పనికి పోయే ప్రతి ఇంట్లోనూ అలాగే మిగిలి ఉంది. మోటారు సైకిళ్లు ఇంతగా పెరగకముందు పల్లెలో ఒక యువకునికి మిల్లులో పని దొరికిందంటే, జీతమెంతో తెలుసుకున్న వెంటనే తల్లి అడిగే రెండవ ప్రశ్న ఒకటే: “సైకిలు మీద పోయి వచ్చేంత దూరమేనా నాయనా?” ఆ ప్రశ్న ఇప్పటికీ వినిపించే ఇళ్లు ఉన్నాయి.

గుంటూరు, ప్రకాశం మైదానాల నైసర్గిక స్వరూపం తెలిస్తేగాని ఈ ప్రశ్నలోని బరువు అర్థం కాదు. ఇది నల్లరేగడి నేల. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలిన తరువాత కుడికాలువ కింద నేల స్వభావమే మారింది. పత్తి, మిరప విస్తరించాయి. పంట వెంట పరిశ్రమ వచ్చింది. చిలకలూరిపేట, గణపవరం, మార్టూరు పరిసరాలలో జిన్నింగు మిల్లులు, నూలు మిల్లులు వెలిశాయి. గుంటూరులో ఆసియాలోనే అతి పెద్దదని పేరుగన్న మిరపయార్డు, దానిని ఆనుకొని శీతల గిడ్డంగులు ఏర్పడ్డాయి. దక్షిణాన ఒంగోలు, టంగుటూరు ప్రాంతాల్లో పొగాకు పని, చీమకుర్తిలో గ్రానైటు పని కూలీలను పిలుస్తూ వచ్చాయి. ఇవన్నీ పట్టణాల అంచుల్లోనో, పెద్దరోడ్ల పక్కనో ఉన్నాయి. వాటిలో పనిచేసే చేతులు మాత్రం లోపలి ఊళ్లలో ఉన్నాయి.

మరి ఆ చేతులు పట్టణానికే వచ్చి ఉండవచ్చు గదా అని అడిగేవారు ఉంటారు. ఊళ్లో సొంత ఇల్లు ఉంది. అది రెండు గదులదే కావచ్చు, అద్దె కట్టనవసరం లేదు. పాలిచ్చే గేదె ఉంది. మంచం పట్టిన తండ్రి ఉన్నాడు. అరెకరమో ఎకరమో కౌలుకు తీసుకున్న చేను ఉంది. పిల్లలకు బడి ఉంది, అప్పిచ్చే బంధువు ఉన్నాడు, కష్టం వస్తే పలికే గడప ఉంది. వీటన్నింటికీ ధర కట్టి చూస్తే, పట్టణంలో ఒక గదికి ఇచ్చే అద్దెకంటే సైకిలు తొక్కటమే చౌక అని ఆ కుటుంబం తేల్చుకుంటుంది. కనుక రోజూ పది కిలోమీటర్లు తొక్కేవాడు గతిలేక తొక్కుతున్నాడనుకోవటం తొందరపాటు. చాలా సందర్భాల్లో అది ఇంటిల్లిపాదీ కూర్చుని చేసిన నిర్ణయం.

ఆ నిర్ణయానికి ఒక హద్దు ఉంది. దానిని లెక్కవేసి చూడవచ్చు. చదునైన రోడ్డుమీద మామూలు సైకిలు గంటకు సుమారు 12 కిలోమీటర్లు సాగుతుంది. ఇల్లు ఆరు కిలోమీటర్ల దూరంలో ఉంటే ఒకవైపు ప్రయాణం అరగంట, పన్నెండయితే గంట. తేడా అరగంటేగదా అనిపిస్తుంది. రానూపోనూ కలిపితే రోజుకు గంట. నెలకు 26 పనిదినాలయితే 26 గంటలు. అంటే పన్నెండు కిలోమీటర్లవాడు మొత్తంమీద నెలకు 52 గంటలు రోడ్డుమీద గడుపుతాడు. ఎనిమిది గంటల పనిదినాలుగా చూస్తే ఆరున్నర రోజులు. ఈ ఆరున్నర రోజులకు కూలి లేదు.

ఉదయం ఎనిమిది మొదలు సాయంత్రం ఐదువరకు పనిచేసే ఒక గిడ్డంగి కార్మికుని తీసుకుందాం. ఆరు కిలోమీటర్లవాడు ఐదున్నరకు ఇంటికి చేరతాడు. డిసెంబరులో ఈ ప్రాంతంలో పొద్దుగూకేదీ ఇంచుమించు ఆ వేళకే. అంటే అతడు వెలుగుండగా గుమ్మంలో అడుగుపెడతాడు. పన్నెండు కిలోమీటర్లవాడు ఇంకా సగందారిలోనే ఉంటాడు. మిగిలిన సగం చీకట్లో, ఎదుటి లారీల దీపాలు కళ్లలో పడుతుండగా రావాలి. ఇల్లు చేరేసరికి ఆరు దాటుతుంది. కాళ్లు కడుక్కొని అన్నం తినేసరికి పసిపిల్లల కళ్లు మూతలు పడుతుంటాయి. ఒకడు బిడ్డతో పలక పట్టించి అక్షరం దిద్దించగలడు. రెండవవాడు నిద్రపోతున్న బిడ్డను చూసుకోగలడు.

ఇంతవరకు చెప్పినది మగవాని లెక్క. దానివెనుక ఇంకొక లెక్క ఉంది. అతడు ఆరుముప్పావుకు బయలుదేరాలంటే ఆరున్నరకు క్యారేజీ సిద్ధంగా ఉండాలి. అందుకు భార్య నాలుగున్నరకు లేవాలి. గేదె పాలు తీయటం, నీళ్లు పట్టటం, వంట ముగించటం, పిల్లలను లేపటం ఆ రెండు గంటల్లోనే జరగాలి. ఆ తరువాత ఆమె కూడా చేనికి పోవాలి. ఆమె ఒక్క కిలోమీటరయినా సైకిలు తొక్కలేదు. అయినా ఆ పన్నెండు కిలోమీటర్ల దూరంలో సగం ఆమె నిద్రలోనుండే ఖర్చయింది. 2019లో జాతీయ గణాంక కార్యాలయం జరిపిన కాలవినియోగ సర్వేలో, వేతనంలేని ఇంటిపని చేసే స్త్రీలు దానిపై రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తున్నారనీ, అలాంటి పని చేసే పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారనీ తేలింది. పైగా ఆ పురుషులు నూటికి ఇరవైయారుగురు మాత్రమే. పనిచోటు దూరమయినకొద్దీ ఈ తేడా పెరుగుతుందేగాని తగ్గదు.

దూరం విషయంలో మనిషి ఓర్పుకు ఒక కొలత ఉందని చెప్పిన శాస్త్రజ్ఞులు ఉన్నారు. ఇటలీ దేశపు భౌతికశాస్త్రజ్ఞుడు సిజేర్ మార్కెట్టి 1994లో ప్రచురించిన ఒక వ్యాసంలో, ఏ దేశంలోనయినా ఏ యుగంలోనయినా మనిషి రాకపోకలకు రోజుకు సగటున సుమారు గంట కేటాయిస్తాడని ప్రతిపాదించాడు. ఈ భావనకు మూలమయిన పరిశీలనలు అంతకుముందే యాకోవ్ జహావి చేశాడు. నడిచేవాడు గంటకు ఐదు కిలోమీటర్లు పోగలడు గనుక, గంటలో పోయిరాగల దూరం రెండున్నర కిలోమీటర్లు. ప్రాచీన నగరాల ప్రాకారాలు కేంద్రంనుండి ఇంచుమించు ఆ మేరలోనే ఉండేవని ఆయన చూపాడు. సైకిలుకు ఈ సూత్రాన్ని అన్వయిస్తే హద్దు ఆరు కిలోమీటర్లవుతుంది. రెండున్నర ఎక్కడ, ఆరు ఎక్కడ! వైశాల్యంలో చూస్తే నడిచేవానికి అందే నేలకంటే సైకిలువానికి దాదాపు ఆరు రెట్లు నేల అందుతుంది. అంతమేర ఊళ్లలో ఎక్కడ పని దొరికినా అతడు ఇల్లు విడవనక్కరలేదు. పేదవాని ఇంటికి సైకిలు చేసిన ఉపకారం ఇదే. అయితే మార్కెట్టి చెప్పినది సగటు మాత్రమే. పనికోసం పన్నెండు, పదిహేను కిలోమీటర్లు తొక్కేవారు ఆ సగటును మించి తమ కాలాన్ని ధారపోస్తున్నారు.

అలా ధారపోసినందువల్ల కుటుంబానికి ఏమవుతుంది? స్వీడన్‌లోని ఉమియో విశ్వవిద్యాలయ పరిశోధకురాలు ఎరికా సాండో 2011లో వెలువరించిన అధ్యయనంలో, ఒకవైపు ప్రయాణానికే ముప్పావుగంట లేక అంతకుమించి పట్టే భాగస్వామి ఉన్న జంటలు విడిపోయే అవకాశం ఇతర జంటలకంటే 40 శాతం ఎక్కువని తేలింది. ఆ ఒత్తిడి మొదటి కొన్ని సంవత్సరాల్లోనే తీవ్రంగా ఉంటుందని కూడా ఆమె గమనించింది. స్వీడన్ కార్లూ రైళ్లూ ఉన్న దేశం. అక్కడి లెక్కను తెచ్చి పర్చూరుకో నాదెండ్లకో అతికించటం సరికాదు. మన పల్లెల్లో దాంపత్యాలు దూరం కారణంగా అంత సులభంగా విడిపోవు. విడిపోకపోవటాన్నిబట్టి భారం లేదనుకోరాదు. ఇక్కడ ఆ భారం చిరాకుగా, మౌనంగా, తండ్రి అంటే పిల్లలకు కలిగే కొత్తదనంగా బయటపడుతుంది.

పుస్తకాల్లోని కిలోమీటరు వేరు, రేగడినేలపై కిలోమీటరు వేరు. వర్షాకాలంలో డొంకదారిన పోయే సైకిలును చూసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. రేగడి బురద టైరుకు పట్టుకొని, మడ్‌గార్డు సందున పేరుకొని, చక్రాన్ని తిరగనివ్వదు. పదిగజాలకొకసారి దిగి పుల్లతో గీకి తీయాలి. చివరకు విసిగి సైకిలునే భుజానికెత్తుకొని తారురోడ్డువరకు నడిచేవారు ఉన్నారు. మనిషిని మోయవలసిన వాహనాన్ని మనిషే మోయటం ఈ నేల చమత్కారం. అందుకే ఈ ప్రాంతంలో అనుభవజ్ఞులు దూరాన్ని రెండు భాగాలుగా చెబుతారు: “రోడ్డు ఎనిమిది, డొంక రెండు” అని. ఆ రెండే జూలైనుండి అక్టోబరువరకు ఎనిమిదిని మించుతుంది.

వేసవిలో బురద పోయి గాలి, ఎండ వస్తాయి. పల్నాటి రెంటచింతల ఎండలు రాష్ట్రమంతటికీ తెలిసినవే. మధ్యాహ్నం పడమటినుండి వడగాలి. సాయంత్రమయితే సముద్రంవైపునుండి పైరగాలి. పైరగాలి ప్రాణానికి హాయిగాని, తూర్పుదిక్కున ఇల్లున్న సైకిలువానికి అది ఎదురుగాలి. గంటకు 12 కిలోమీటర్ల వేగంతో తొక్కేవానికి అంతే వేగంతో గాలి ఎదురయితే, శరీరానికి తగిలే గాలివేగం రెండింతలు, గాలి నిరోధం నాలుగింతలు అవుతుంది. అలాగని ఇల్లు పడమటన ఉన్నవాడు సుఖపడ్డాడా? అతడు ఉదయం తూర్పుకు, సాయంత్రం పడమరకు పోవాలి. రెండువేళలా సూర్యుడు కళ్లలోనే ఉంటాడు. పటం చూసి దూరం కొలిచేవారికి ఈ దిక్కుల బాధ తెలియదు.

యంత్రశక్తి లేకుండా మనిషి చేసే ప్రయాణాల్లో సైకిలు సాటిలేనిది. తన బరువును నిర్ణీత దూరం తీసుకుపోవటానికి ఖర్చుచేసే శక్తి లెక్కన సైకిలు తొక్కే మనిషి సమస్త జంతుజాలంకంటే పొదుపరి అని ఎస్.ఎస్. విల్సన్ 1973లో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో వివరించాడు. గుంటూరు యార్డులో పొద్దంతా మిరప టిక్కీలు మోసి కాటావద్దకు చేర్చిన హమాలీకి ఈ మాట చెబితే నవ్వుతాడేమో. పొదుపయినా ఆ శక్తి అతడు కూలికి అమ్ముకున్న శక్తిలో మిగిలినదే గదా! కూర్చుని పనిచేసే ఉద్యోగికి సాయంత్రపు సైకిలు వ్యాయామం. బస్తాలు మోసినవానికి అది మరొక బస్తా. సైకిలు ఆరోగ్యానికి మంచిదని చెప్పేటప్పుడు ఎవరి ఆరోగ్యానికో కూడా చెప్పటం న్యాయం.

స్త్రీల విషయానికి వస్తే కథ మరింత జటిలమవుతుంది. మిరపకోతలు, పత్తితీతలు ఎక్కువగా స్త్రీలే చేస్తారు. గిడ్డంగుల్లో తొడిమలు తీయటం, తాలుకాయలు ఏరటం కూడా వారి పనే. అయినా సైకిలుపై పోయే స్త్రీలు చాలా తక్కువ. సైకిలు ఇంట్లో ఉన్నా అది మగవానితో వెళ్లిపోతుంది. ఫలితంగా ఊళ్లో దొరికిన పనికి నడిచిపోవటమో, మేస్త్రీ కుదిర్చిన ఆటోలోనో ట్రాక్టరులోనో కిక్కిరిసి పోవటమో తప్ప ఆమెకు మూడవ దారి లేదు. ఆ రెండవ దారిలో ప్రమాదం పొంచి ఉంది. 2020 మే 14న ప్రకాశం జిల్లా నాగులుప్పలపాడు మండలం రాపర్ల సమీపంలో, మిరప పని ముగించుకొని ఇళ్లకు వస్తున్న కూలీల ట్రాక్టరు విద్యుత్ స్తంభాన్ని ఢీకొని పలువురు ప్రాణాలు కోల్పోయారు. ఇల్లు చేరటానికి మిగిలిన దూరం ఎంతో కాదు.

స్త్రీ చేతికి సైకిలు వస్తే ఏమవుతుందో చూపిన ఉదాహరణలు మన పొరుగునే ఉన్నాయి. 1990 దశకం ఆరంభంలో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా వేలాది గ్రామీణ స్త్రీలు సైకిలు నేర్చుకున్నారు. చెలమనుండి నీళ్లు తేవటం, పంటను సంతకు చేర్చటం, మధ్యలో పిల్లవాణ్ణి బడివద్ద దింపటం ఒక్క ప్రయాణంలో ఇమిడాయి. బీహారు ప్రభుత్వం 2006లో తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిలు పథకం ప్రారంభించింది. కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ 2017లో ప్రచురించిన పరిశోధన ప్రకారం దానివల్ల బాలికల చేరిక 32 శాతం పెరిగింది. బాలబాలికల మధ్య అంతరం 40 శాతం తగ్గింది. ఉన్నత పాఠశాల మూడు కిలోమీటర్లకు మించిన దూరంలో ఉన్న గ్రామాల్లో ఈ ఫలితం మరీ స్పష్టంగా కనిపించింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ రాష్ట్ర విభజన తరువాత ‘బడికొస్తా’ పేరుతో ప్రభుత్వ పాఠశాలల బాలికలకు సైకిళ్లు ఇచ్చారు. ఆ బాలికలు చదువు ముగించి కూలికో ఉద్యోగానికో పోయేనాటికి ఆ సైకిలు ఎవరి చేతిలో ఉందో ఒకసారి మీ ఊళ్లో గమనించండి.

రోజూ పోయిరాలేనంత దూరమయితే కుటుంబానికి మిగిలేది వలస. కర్నూలు జిల్లా పడమటి ప్రాంతాలయిన కోసిగి, మంత్రాలయం వైపునుండి ఏటా కుటుంబాలు ఇళ్లకు తాళాలువేసి గుంటూరు పత్తితీతకు, మిరపకోతకు వస్తాయి. చేనుగట్టున గుడారం, అక్కడే పొయ్యి. ఒక విధంగా చూస్తే వీరికి పనికీ ఇంటికీ మధ్య దూరం లేదు. భార్యాభర్తలు, పిల్లలు రోజంతా ఒకేచోట ఉంటారు. దానికి మూల్యం బడి. తల్లిదండ్రులు వలసపోయినా పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకోవటానికి సీజనల్ హాస్టళ్లు నడుపుతున్నారు. బిడ్డ చదువు నిలిచింది, బిడ్డ మాత్రం అమ్మకు దూరమయింది. ఒక దూరాన్ని తగ్గిస్తే ఇంకొకటి పెరుగుతుంది.

సైకిలు రోజులు పోయాయి, ఇప్పుడందరికీ మోటారు సైకిళ్లేనని కొందరంటారు. 2001లో దేశంలోని కుటుంబాల్లో 11.7 శాతానికి స్కూటరో మోటారు సైకిలో ఉండగా 2011 నాటికి అది 21 శాతమయింది. సైకిలున్న కుటుంబాలు మాత్రం అదే కాలంలో 43.7 నుండి 44.8 శాతానికి చేరాయి, తగ్గలేదు. 2011 జనగణనలోనే సుమారు 2.6 కోట్లమంది సైకిలుపై పనికి పోతున్నట్లు నమోదయింది. రైతులను, వ్యవసాయ కూలీలను ఆ లెక్కలో చేర్చలేదు. అంటే చేనికి సైకిలుపై పోయేవాడు ఆ పట్టికలో కనిపించడు. మోటారు సైకిలు పన్నెండు కిలోమీటర్లను ఇరవై నిమిషాలకు తగ్గిస్తుంది, నిజమే. లీటరుకు 50 కిలోమీటర్ల చొప్పున, పెట్రోలు లీటరు 110 రూపాయల లెక్కన నెలకు 624 కిలోమీటర్లకు దాదాపు 1,370 రూపాయలవుతుంది. వాయిదాలు, మరమ్మతులు వేరు. ఈ ఖర్చుకు సరిపడా అదనపు పని చేయవలసివస్తే, మిగిలిందనుకున్న కాలం మళ్లీ మిల్లుకే పోతుంది.

వేగం పెరిగినకొద్దీ సైకిలుకు దారి ఇరుకయింది. చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారి నాలుగు వరుసలుగా, తరువాత ఆరు వరుసలుగా విస్తరించటంతో లారీలకూ కార్లకూ చాలా మేలు జరిగింది. రోడ్డుకు ఈవల ఊరు, ఆవల మిల్లు ఉన్న కార్మికునికి మాత్రం ఎదురుగా కనిపించే గేటు దూరమయింది. విభాజకం దాటరాదు గనుక వంతెన కిందివరకు పోయి చుట్టి రావాలి. అలా పోకుండా అంచువెంట ఎదురుదిశలో తొక్కేవారిని మనం నిందిస్తాం. నిందించవలసిందే, కాని ఆ చుట్టుదారి విలువ రోజుకు పావుగంట అని కూడా తెలుసుకోవాలి.

ఇన్ని చిక్కుల నడుమ కుటుంబాలు తమకు తోచిన ఏర్పాట్లు చేసుకుంటున్నాయి. నూలుమిల్లుల్లో మూడు షిఫ్టులుంటాయి గనుక భార్యాభర్తలిద్దరూ మిల్లులోనే పనిచేసే ఇళ్లలో ఒకరు పగటివంతు, ఒకరు రాత్రివంతు తీసుకుంటారు. పిల్లలవద్ద ఎప్పుడూ ఎవరో ఒకరుంటారు. ఇద్దరూ కలిసి ఉండేది మాత్రం సెలవురోజున. కొందరు ఎనిమిది కిలోమీటర్లవరకు సైకిలునే నమ్ముకొని, అంతకుమించితే బస్సుస్టాండు దగ్గర తెలిసిన కొట్టులో సైకిలు పెట్టి బస్సెక్కుతారు. మరికొందరు పనిచోటుకూ ఇంటికీ నడుమనున్న ఊరి బడిలో పిల్లలను చేర్చి, పోతూ దింపి వస్తూ ఎక్కించుకుంటారు. అలాంటి సైకిళ్లకు ముందుకడ్డీపై చిన్న సీటు బిగించి ఉంటుంది. తండ్రీబిడ్డలకు రోజు మొత్తంమీద దొరికే తీరిక ఆ నాలుగు కిలోమీటర్లే. ఎక్కాలు అక్కడే వల్లెవేస్తారు, బడిలో జరిగిన తగవులు అక్కడే చెబుతారు. ఎదురుగాలి ఉన్న సాయంత్రాల్లో ఆ ప్రయాణం మరో పదినిమిషాలు ఎక్కువ పడుతుంది.

అభ్యాసం

1. ‘పన్నెండు కిలోమీటర్ల దూరంలో సగం ఆమె నిద్రలోనుండే ఖర్చయింది’ అని వ్యాసకర్త ఎందుకన్నాడు? వివరించండి.

2. రేగడినేల, గాలి, ఎండ దూరాన్ని ఏవిధంగా మారుస్తాయి?

3. మీ ఇంటినుండి కళాశాలకు గల దూరాన్ని, దానికి పట్టే కాలాన్ని నెలకు లెక్కగట్టి, ఆ కాలం మీ ఇంట్లో ఎవరి పనిపై ప్రభావం చూపుతున్నదో ఒక పుటకు మించకుండా రాయండి.